నిప్పు తగలని బిళ్లలు

"నీ పెళ్లాం ఎవరినడిగి చేస్తమన్నదిరా?"

షుకూర్ అడిగింది తమ్ముణ్ణే. కానీ పరదా వెనక నిలబడ్డ దిల్షాద్‌కు వినబడాలనే అంత గట్టిగా అడిగాడు. తమ్ముడి భార్యతో ఎదురుబదురు మాట్లాడే అలవాటు అతనికి లేదు. కోపమొచ్చినా, పనిబడినా మధ్యలో జానీ పాషా ఉండాల్సిందే.

జానీ తడిసిన లుంగీ అంచు పిండుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాడు. "టీచరమ్మ ఇంత వానల నడుచుకుంట వచ్చిందన్నా. పిల్లలు నిన్నటి సంది గంజినీళ్ల మీదనే ఉన్నరంటే..."

"ఉన్నరు. నేను కాదన్ననా? రొట్టె యాడ కాల్చాలె? నీ నెత్తి మీదనా?"

తెరిచి ఉన్న పెరటి తలుపులోంచి కూలిన బట్టీ అందరికీ కనబడుతూనే ఉంది. వాళ్ల తండ్రి యాకూబ్ సాయిబు తన చేతులతో ఇటుక పేర్చి కట్టుకున్న బట్టీ అది. మణుగూరులో బొగ్గుబావుల కాలనీ లేచిన నాటి నుంచి ఆ చుట్టుపక్కల జనం చాయ్‌లో ముంచుకునే రస్కు, బన్ను, బిస్కెట్టు దాని కడుపులోంచి వచ్చినవే. విడవకుండా కురిసిన వానకు నాని నాని, నిన్న తెల్లారేసరికి కప్పు లోపలికి జారిపోయింది. కట్టెలన్నీ తడిసి నాచుపట్టాయి. ఇంటి వంటకు మిగిలింది స్టవ్ అడుగున కాస్తంత కిరసనాయిలు.

ఇంటి పెద్ద ఊళ్లో లేడు. మైదా కోసం ఖమ్మం పోయిన యాకూబ్ సాయిబు అక్కడే చిక్కుబడ్డాడు. వాగులు పొంగి కొత్తగూడెం రోడ్డు తెగింది. ఇటు చూస్తే గోదావరి ఒడ్డు ఊళ్లు మునిగి, ఆ జనమంతా పడవల మీదా ఎడ్లబండ్ల మీదా వచ్చి కాలనీ అవతలి బడిలో తలదాచుకున్నారు. రోడ్డు తెరిస్తే గాని సర్కారు బియ్యం రావు.

ఆ బడి భారమంతా నెత్తిన వేసుకున్న రుక్మిణి టీచర్ రొట్టె కోసమే వచ్చింది. కూలిన బట్టీ చూసింది. "మా చేతుల ఏం లేదమ్మా" అని షుకూర్ చెప్పాక తల వంచుకుని వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడు పరదా వెనకనుంచి దిల్షాద్ గొంతు వినబడింది.

"రొట్టె కాదు గాని, ఇంకోటి చేసి పంపుతం టీచరమ్మా. పొద్దుగూకేలోపల."

టీచర్ మొహం విప్పారింది. ఇంట్లో మొహాలు ముడుచుకున్నాయి.

"ఆ ఇంకోటి ఏందో అడుగు," అన్నాడు షుకూర్.

జానీ అడిగేదాకా దిల్షాద్ ఆగలేదు. పరదా జరిపి, కొంగు తల మీదికి లాక్కుని ముందుగదిలోకి వచ్చింది.

"ఇప్పపువ్వు బిళ్లలు బావా. ఇప్పపువ్వు, పుట్నాలు, బెల్లం, ఎండుకొబ్బరి. బట్టీ వద్దు, పొయ్యి వద్దు. దంచి వత్తుడే."

"ఇప్పపువ్వా?" షుకూర్ ఈసారి తమ్ముణ్ణి మరిచిపోయి ఆమెనే చూశాడు. "సారా కాచే పువ్వా? మన ఇంట్లనా? నమాజు చదివే ఇంట్ల?"

"కాస్తే సారా బావా. కాయకుంటే ఉత్త పువ్వే గదా..."

"జానీ! ఈ కథలన్ని ఎవరు నేర్పిన్రురా నీ పెళ్లాంకు?"

"అత్తమ్మకు వచ్చు," అన్నది దిల్షాద్. "వాళ్లమ్మ కాడ నేర్చుకున్నది."

ముగ్గురూ గది మూలకు చూశారు. మహబూబీ గోడకు ఆనుకుని కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఒక్క క్షణం ఆమె వేళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి.

"నిజమేనా అమ్మా?"

మహబూబీ ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "నాకేం వచ్చు? నాకేం రాదు."

"అత్తమ్మా!"

"తెల్వదన్న గద. చెవుల పడలేదా?"

దిల్షాద్‌కు కూతురు రేష్మా కడుపున పడ్డప్పటి రోజులు కళ్ల ముందు తిరిగాయి. నోట్లో పెట్టిందల్లా కక్కుకునేది. దవాఖానా మందులు కూడా లోపల నిలిచేవి కావు. మగవాళ్లు ఇంట్లో లేని ఒక మధ్యాహ్నం మహబూబీ కొంగు చాటు నుంచి ఒక బిళ్ల తీసి కోడలి నోట్లో పెట్టింది. ముదురు గోధుమరంగు, మెత్తగా, కమ్మగా, వెనకాల సన్నని ఘాటు. అది కడుపులో నిలిచింది. ఆ తర్వాత రోజూ ఒకటి. "ఎవ్వరికీ చెప్పకు. మీ మామకు అసలే చెప్పకు" అన్నదే గాని ఎందుకో చెప్పలేదు. దిల్షాద్ ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇవాళ పిల్లల ఆకలి మాట విని నోరు ఆగలేదు.

"విన్నవా?" షుకూర్ గొడుగు అందుకున్నాడు. "వచ్చు అన్నది నీ పెళ్లాం. అమ్మనే రాదంటుంది. నేనే పోయి టీచరమ్మకు చెప్పొస్త, మా ఇంట్ల ఆడోళ్ల మాట నమ్మి ఆశపడకుర్రి అని."

అతను వాకిలి దాటాడు. మహబూబీ చేట తీసుకుని లోపలిగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

మిగిలింది మొగుడూ పెళ్లాలిద్దరే.

"అమ్మను అందరి ముంగట నిలబెడితివి," అన్నాడు జానీ.

"నిలబెట్టలే. పిలిచిన."

"అన్నకు కోపమొస్తదని తెల్వదా నీకు?"

"నన్ను అబద్ధాలదాన్ని చేసిండ్రు, అది మీకు కనబడలే. బావ కోపమొక్కటే కనబడ్డది." ఏడిస్తే పని ఆగిపోతుందని ఏడవలేదు. "మీరేమంటరు? చెయ్యమంటరా, వద్దంటరా? మీ నోటితోని చెప్పుర్రి."

జానీ చాలాసేపు కూలిన బట్టీ వైపే చూశాడు. అన్న మాట కాదని అతను చేసిన పని ఇంతవరకూ ఒక్కటీ లేదు. పెళ్లి కూడా అన్న చూసిందే.

"తుల్సీరాం దుకాణంల పుట్నాల బస్తా చూసిన మొన్న," అన్నాడు చివరికి, ఆమె వైపు చూడకుండానే. "నువ్వు పోయి అడుగు. మోసుకొచ్చుడు నా పని."

తుల్సీరాం కిరాణా దుకాణం వీధి చివర మెరకన ఉంది. బడి పిల్లలకని చెప్పగానే అతను ఇంకోమాట అడగలేదు. పుట్నాలు, బెల్లం, కొబ్బరి చిప్పలు, సొంఠి కొమ్ములు తీసి అరుగు మీద పెట్టించాడు.

"ఇప్పపువ్వు మాత్రం నా కాడ లేదమ్మా. అది అడవోళ్ల కాడ దొరకాలె."

అరుగు చివర గోనెసంచి కప్పుకుని కూర్చున్న ఒక కోయ ఆడమనిషి తలెత్తింది. నీళ్లలో ఇల్లు వదిలి వచ్చిన వాళ్లలో ఆమె ఒకతె. పేరు కొండమ్మ. పక్కన రెండు పెద్ద వెదురుబుట్టలు, పైన మోదుగాకులు పరిచి తాళ్లతో బిగించి ఉన్నాయి.

"ఇప్పపువ్వు నీకెందుకమ్మా?"

"బిళ్లలు చెయ్యాలె. బడిల పిల్లలకు."

"ఏ బిళ్లలు? నిప్పు తగలకుండ చేసేటియేనా?"

"అవ్. నీకెట్ల తెలుసు?"

కొండమ్మ దిల్షాద్ చీరకట్టు, తల మీది కొంగు, మెడలోని నల్లపూసలు ఒకసారి పారజూసింది. "ఇంట్లకు నీళ్లొస్తుంటే ఏం తీసుకోవాలెనో తోచలే. పొయ్యి మీద అటక నుంచి ఇవ్వి దించుకొని వచ్చిన. పొగల ఉన్నయి, చెమ్మ తగలలే." లేచి ఒక బుట్ట నెత్తికెత్తుకుంది. "మీ ఇంట్ల రోలుందా?"

"ఉంది."

"ఒక్కటైతే చాలదు. నడువు, మావోళ్లను గూడ పిలుస్త."

దిల్షాద్ ఇల్లు చేరిన కాసేపటికే ముందుగది ఆడవాళ్లతో నిండిపోయింది. అందరూ బడిలోంచి వచ్చినవాళ్లే. ఒక ముసలామె ఇరుగుపొరుగు ఇళ్లలో అడిగి రోకళ్లు తెచ్చింది. ఇద్దరు పడుచుపిల్లలు చేటల ముందు కూర్చుని ఎండిన పువ్వుల్ని అరచేతులతో నులిమి లోపలి కేసరాలూ నలుసులూ చెరగడం మొదలుపెట్టారు. నిన్నటి నుంచి ఒకరి దయ మీద కూర్చున్న మనుషులకు చేతికి పని దొరికింది. గొంతులు లేచాయి. జానీ బస్తా దించి, ఇంత మంది ఆడవాళ్ల మధ్య నిలబడలేక, కొబ్బరి తురమడానికి పెరటి చూరు కిందికి తప్పుకున్నాడు.

దిల్షాద్‌కు గుర్తున్నది రుచి ఒక్కటే. చేసే తీరు ఎన్నడూ కళ్లారా చూడలేదు. అన్నీ కలిపి రోట్లో పోసి దంచించింది. పుట్నాల పిండి తేలికగా ఎగిరింది, పువ్వు కింద చిక్కుకుంది, బెల్లం ఉండలు ఉండలుగా మిగిలింది. పిడికెడు తీసి అరచేతిలో వత్తింది. చెయ్యి తెరవగానే పొడిపొడిగా రాలిపోయింది.

మళ్లీ వత్తింది. మళ్లీ రాలింది.

"నెయ్యేమన్న వేస్తరేమో," అన్నది ఒకామె.

ఉన్న కాస్త నెయ్యి వేసింది. చేతులు జిడ్డయ్యాయి గాని బిళ్ల నిలవలేదు. దంచేవాళ్లు రోకళ్లు ఆపి ఆమె మొహమే చూస్తున్నారు. పొద్దు వాలుతోంది. బడిలో షుకూర్ ఈపాటికి చెప్పేసే ఉంటాడు. అయినా ఇంతమందిని పిలిచి కూర్చోబెట్టి ఇప్పుడు చెయ్యెత్తెయ్యడం ఎట్లా? లోపలిగది తలుపు వైపు చూసింది. అది దగ్గరగా వేసింది వేసినట్టే ఉంది. లోపల రేష్మాను జోకొడుతున్న చప్పుడు మాత్రం ఆగిపోయింది.

"కొంచెం తడి చేస్తే అంటుకుంటదేమో," అంటూ దిల్షాద్ చెంబు అందుకుంది.

"పొయ్యకే! నీళ్లు పొయ్యకు!"

తలుపు గోడకు కొట్టుకుంది. మహబూబీ గడపలో నిలబడి ఉంది. రెండంగల్లో వచ్చి కోడలి చేతిలోంచి చెంబు గుంజుకుంది.

"నీళ్ల చుక్క తగిలితే తెల్లారేసరికి పులుస్తది. పులిస్తే మీ బావ అన్నదే నిజమైతది. పొడిగ దంచినన్ని దినాలు అది కిస్మిస్సే. నీళ్లల నానబెడితేనే సారా. తెలిసిందా?"

తన నోటి వెంట వచ్చిన మాటలు మహబూబీకే ఒక్క క్షణం ఆలస్యంగా వినబడినట్టున్నాయి. ఇందాక ఇదే గదిలో "నాకేం రాదు" అన్న మనిషి ఆమె. చెంబు కింద పెట్టింది. కోడలి కళ్లలోకి చూడలేక రోట్లోకి చూసింది.

"ఇదంత తీసెయ్. బయట పెట్టు. ఒక్క పువ్వునే ముందు దంచాలె. బంక కట్టేదాకా. రోకలి లేపితే పట్టుకొని లాగాలె, అప్పటిదాకా ఏదీ కలపొద్దు."

కొంగు నడుముకు చుట్టి దోపుకుని, కొండమ్మ చేతిలోని రోకలి తనే తీసుకుంది. మొదటి దెబ్బలకు చేతులు కాస్త తడబడ్డాయి. తర్వాత దారిలో పడ్డాయి. పువ్వు నలిగి, నల్లబడి, మెరుపు తేలి, ముద్దయి రోకలిని పట్టుకుంది. అప్పుడు బెల్లం. అది కలిసిపోయాక సొంఠి, కొబ్బరి. అన్నింటికన్నా చివర పుట్నాల పిండి, గుప్పెడు గుప్పెడుగా.

"ఇప్పుడు తీసి వత్తు."

దిల్షాద్ వత్తింది. చెయ్యి తెరిచింది. బిళ్ల కదలలేదు. అంచు కూడా చిట్లలేదు.

ఆడవాళ్లంతా ఒక్కసారే నవ్వారు. పెరట్లోంచి జానీ తొంగిచూశాడు. రోటి ముందు తల్లిని చూసి, చేతిలో కొబ్బరి చిప్పతో అట్లాగే నిలబడిపోయాడు.

"ఏ ఊరమ్మా మీ అమ్మది?" అని అడిగింది కొండమ్మ.

"ఊరేడిది? దూది ఏకేటోళ్లం." మహబూబీ దంచుతూనే చెప్పింది. "మా నాయిన ఏకే విల్లు భుజానికి తగిలించుకొని చర్ల దాకా నడిచేటోడు. దుకాణదార్ల ఇండ్లల్ల, బంగళాలల్ల పరుపులు ఏకాలె. వానల్ల అడవిల పొయ్యి ఎట్ల అంటుకుంటది? మా అమ్మ మూటల గివే ఉండేటియి. పువ్వు మీవోళ్లు ఇచ్చేటోళ్లు, పుట్నాలు మావి. మా అమ్మ పేరు మీద సైదాబీ బిళ్లలనేటోళ్లు."

"మా అమ్మ చెప్పేది. దూదేకే సైదమ్మ వస్తే పిల్లలంత వెంట ఉరికేటోళ్లట," అన్నది కొండమ్మ.

మహబూబీ రోకలి ఆపింది. కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటో మరేదో దిల్షాద్‌కు తెలియలేదు.

"గంత పేరున్న తిండిని దాచుకుంటివా అత్తమ్మా?" దిల్షాద్ మెల్లగా అడిగింది.

ఇద్దరి చేతులూ బిళ్లలు వత్తుతూనే ఉన్నాయి.

"నా పెండ్లయిన కొత్తల మా అమ్మ నన్ను చూడవచ్చింది. నడిచే వచ్చింది. మూటెడు బిళ్లలు తెచ్చింది. మా అత్త మూట విప్పి చూసి, సారా పువ్వు నా ఇంట్లకు తెస్తవా అని వాకిట్ల పారబోసింది. మా అమ్మ వంగి ఒక్కొక్కటి ఏరుకున్నది. మట్టి తుడిచి మళ్ల మూట కట్టుకున్నది. మీ మామ గడపల నిలబడి చూసిండు. ఒక్క మాట అనలే." ఆమె అరచేతిలోని బిళ్లను మరింత గట్టిగా వత్తింది. "మళ్ల ఎన్నడు రాలే మా అమ్మ. నేనూ పిలవలే. ఈ ఇంట్ల ఉండాలెనంటే ఇది నాకు రాదనే ఉండాలె అనుకున్న. పొద్దున గూడ అదే నోట్లకొచ్చింది బిడ్డా. అలవాటైన మాట."

దిల్షాద్ అత్త పక్కకు ఇంకాస్త జరిగి కూర్చుంది.

కానీ చేత్తో ఒక్కొక్కటే వత్తుతూ పోతే పొద్దుగూకేలోగా పని తెమిలేది కాదు. దిల్షాద్ లేచి గదిలోనే ఉన్న తమ రొట్టెల దుకాణం బల్ల మీది గుడ్డ లాగేసింది. బిస్కెట్ల పిండి పరిచే పొడుగు కర్ర తీసింది. గోడకు వేలాడే రేకు అచ్చులు దించింది.

"అత్తమ్మా, ముద్దంత ఈ బల్ల మీద పరిచి అచ్చుతోని కొట్టేస్తే?"

"బిస్కెట్ లెక్కనా?"

"బిస్కెట్ లెక్కనే."

మహబూబీ ముఖం మీద చాలా ఏళ్లుగా ఎవరూ చూడని నవ్వు వచ్చింది. "మా అమ్మ చూస్తే ముక్కు మీద వేలేసుకుంటది. కొట్టు!"

రేకుల మీద వరసలు తేలాయి. గుండ్రటివి, పువ్వు అంచులవి, నక్షత్రాలవి. బట్టీలోకి పోవాల్సిన రేకులు బట్టీ మొహం చూడకుండానే నిండిపోయాయి. గది మొత్తం ఇప్పపువ్వు కమ్మదనం, సొంఠి ఘాటు.

వెలుతురు ఉండగానే బయలుదేరారు. రేకుల మీద అరిటాకులు, వాటి మీద తాటిపత్రి గుడ్డలు. జానీ ఒక రేకు, కొండమ్మ ఒకటి, తక్కిన ఆడవాళ్లు తలా ఒకటి. ఏ పనికైనా పెరట్లోనే ఉండి పరదా దాటి వీధిలోకి రాని మహబూబీ, మొదటి రేకు తన నెత్తికెత్తమన్నది. దిల్షాద్ ఎత్తింది. మోకాళ్ల దాకా నీళ్లున్న చోట కూడా ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. వీధి వాళ్లు అరుగుల మీదికి వచ్చి చూశారు.

బడి వరండాలో రుక్మిణి టీచర్ ఎదురొచ్చింది. రేకులు చూసి రెండు చేతులూ జోడించింది.

"మా బావ వచ్చి..." దిల్షాద్ ఆగింది. "వచ్చి ఏమన్న చెప్పిండా టీచరమ్మా?"

"పొద్దున్నే వచ్చిండు చెల్లె. ఏదో చెప్పబోయిండు. గప్పుడే పడవల మనుషులు దిగుతున్నరు. వాళ్లను చూసి ఊకున్నడు. అప్పటి సంది మోస్తనే ఉన్నడు. అగో!"

షుకూర్ బండి దగ్గర ఉన్నాడు. నడుము దాకా బురద. నడవలేని ఒక ముసలాయన్ని వీపు మీద ఎక్కించుకుని వరండా మెట్ల వైపు వస్తున్నాడు. ఎదురుగా నెత్తి మీద రేకుతో నిలబడ్డ తల్లిని చూశాడు. అడుగు ఆగింది. అతని చూపు రేకు మీదికి, అక్కణ్ణుంచి దిల్షాద్ మీదికి పోయింది. ఆమె తల దించుకోలేదు.

అతను ముసలాయన్ని మెల్లగా గోడకు ఆనించి కూర్చోబెట్టాడు.

గుడ్డలు తీయగానే పిల్లలు మూగారు. ముందుకొచ్చిన ఒక ఆడపిల్ల బిళ్ల అందుకుని, తినకుండా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"ఇప్పపువ్వే! ఇప్పపువ్వే!"

ఆ కేక వరండా అంతా పాకింది. బెదిరిపోయి గదుల మూలల్లో ముడుచుకుని కూర్చున్న పిల్లలు లేచొచ్చారు. తెలియని ఊళ్లో, తెలియని గోడల మధ్య వాళ్లకు తెలిసిన వాసన అది. రుక్మిణి టీచర్ వరస కట్టమని అరుస్తోంది, ఎవరూ వినడం లేదు, ఆమె కూడా నవ్వుతూనే అరుస్తోంది. షుకూర్ మోసుకొచ్చిన ఆ పళ్లు లేని ముసలాయన బిళ్ల దవడన పెట్టుకుని చప్పరిస్తూ, "సైదమ్మ వచ్చిందా ఏంది?" అన్నాడు ఎవరితోనో.

మహబూబీ విన్నది. చేతిలో రేకుతో ఆయన ముందు కూర్చుంది. "సైదమ్మ బిడ్డను తాతా," అన్నది పదిమందీ వినేటట్టు. "పెద్ద బిడ్డను."

ఈ ఇంటికి కోడలై వచ్చినప్పటి నుంచి అత్త తన తల్లి పేరు అంత గట్టిగా చెప్పుకోగా దిల్షాద్ వినలేదు.

మహబూబీ లేచి పెద్దకొడుకు దగ్గరికి నడిచింది. పువ్వు అంచుల బిళ్ల ఒకటి తీసి అతని ముందు పట్టుకుంది.

"సారా వాసనొస్తుందేమో చూడు."

చుట్టూ మనుషులున్నారు. కొండమ్మ చూస్తోంది. తమ్ముడు చూస్తున్నాడు. షుకూర్ బురదచేతులు లుంగీకి తుడుచుకుని బిళ్ల తీసుకున్నాడు. వాసన చూడలేదు. ఏకంగా కొరికాడు. చాలాసేపు నమిలాడు.

"యాలకులు వేసినవా?"

"సొంఠి."

"బాగున్నది." ఇంకో రెండు తీసుకుని జేబులో వేసుకున్నాడు. అప్పుడు, జానీని మధ్యలో పెట్టకుండా, మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచి అన్నాడు. "దిల్షాద్, రేపటికి గూడ చెయ్యాలె. ఇంకో పడవ వస్తుందంట. ఏమేం కావాల్నో చెప్పు, నేను తెస్త."

"అట్లనే బావా," అన్నది దిల్షాద్.

నీళ్లు తీసేదాకా ఆ ఇంట్లో రోకళ్ల చప్పుడు ఆగలేదు. కాలనీ క్వార్టర్ల ఆడవాళ్లు బెల్లం పంపారు, కొందరు తామే వచ్చి దంచారు. తుల్సీరాం పుట్నాల బస్తాలు బండి మీద వేసి పంపించాడు. వంతెన పనివాళ్లు, పోలీసు క్యాంపు వాళ్లు దారిలో ఆగి అడిగి తిన్నారు. కూలిన బట్టీని అడిగినవాళ్లు లేరు.

ఎండ పొడుచుకొచ్చిన రోజు షుకూర్ ముందుగదిలో బల్ల మీద కూర్చుని రేకు అంచున మిగిలిన ముక్కలు ఏరుకుని తింటున్నాడు. మహబూబీ, దిల్షాద్, కొండమ్మ మరో ముద్ద పరుస్తున్నారు.

"అమ్మా, నాకెన్నడు ఎందుకు పెట్టలే ఇది?"

నవ్వులాటకు అడిగినట్టు అడిగాడు గాని అతని గొంతు అట్లా లేదు.

"పెట్టనిస్తే గద," అన్నది మహబూబీ. కర్ర పక్కన పెట్టింది. "షుకూర్, జానీ, ఇద్దరు వినుర్రి. బట్టీ మళ్ల కడ్తరు, కట్టుకోర్రి. ఈ బల్ల మాత్రం నాకు కావాలె. నేను, దిల్షాద్ బిళ్లలు చేసి అమ్ముతం. చాటుకు గాదు. గిక్కడ, రోడ్డు మీదికి కనబడేటట్టు."

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు.

"నాయిన ఒప్పుకోవాలె గదమ్మా?" అన్నాడు జానీ.

"ఆయన ఒప్పుకుంటడని నేనన్ననా?"

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే బయట లారీ హారన్ మోగింది. ఎన్ని రోజులైందో ఆ వీధిలో అట్లాంటి చప్పుడు విని. జానీ వాకిట్లోకి తొంగిచూసి చటుక్కున వెనక్కి తిరిగాడు.

"రోడ్డు పడ్డదమ్మా. నాయిన దిగుతుండు. మైదా బస్తాలు దించుతున్నరు."

కొండమ్మ ఇప్పపువ్వు బుట్ట గబగబా తన వెనక్కి లాక్కుంది. దిల్షాద్ చెయ్యి తనకు తెలియకుండానే గుడ్డ అందుకుని రేకు మీదికి పరిచింది.

మహబూబీ ఆ గుడ్డ లాగేసింది.

"కప్పకు."

బిళ్లలు పళ్లెంలోకి సర్దింది. నడుముకు దోపుకున్న కొంగు విప్పి తల మీదికి వేసుకుంది. పళ్లెం రెండు చేతులా పట్టుకుని వెళ్లి గడపలో నిలబడింది. ఆమె వెనకే, భుజం భుజం తగిలేటట్టు దిల్షాద్.

యాకూబ్ సాయిబు వాకిట్లోకి వచ్చాడు. కూలిన బట్టీ వైపు పోబోయిన చూపు మధ్యలోనే ఆగింది. వాసన తగిలింది కాబోలు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి నిలిచిపోయాడు. భార్యను చూశాడు. పళ్లేన్ని చూశాడు.

"ఏందిది మహబూబీ?"

"మా అమ్మ బిళ్లలు," అన్నది ఆమె. "మీరూ తిని లోపలికి రార్రి."

ఆయన చెయ్యి చాపలేదు. మహబూబీ పళ్లెం దించలేదు.